మర్మమనగా నేమి?

దెబ్బ తగిలిన ప్రాణము నిలువని స్థానమునకు ప్రాచీన వైద్యులు 'మర్మ' మని పేరిడిరి. మరణహేతువగుటచేతనే దానికా పేరు కలిగినదని వారి నిర్వచనము. సుశ్రుతుడు శరీరమున 107 మర్మములను పేర్కొని, వానిలో 19 సద్యఃప్రాణహరములని వేఱుపఱచెను. చరకుడు శిరస్సు, హృదయము, వస్తి (మూత్రాశయము) యను మూటికి అగ్రస్థానమిచ్చెను. వంగభాషలో నీ శబ్దము నేటికిని గుండెను వీడలేదు. తీవ్రదుఃఖమున క్రుంగినవానిని కలకత్తావారు 'మర్మాహతు' డందురు. మన తెలుగు వాడుకలోనో, మర్మమన్న రహస్యము. మర్మావయవమన్న నలుగురిలో పలుకరాని యవయవము.

ప్రాణాధారమైన చోటు రహస్యమై కూర్చున్నచో దానిని గూర్చిన జ్ఞానమును మఱుగుపడును. శవమును ప్రవాహజలమున ఏడు రాత్రులుంచి, చర్మము మొదలుకొని లోపలి యంగములవఱకు కన్నులార చూడవలెనని సుశ్రుతుడు విధించినను, శవస్పర్శదోషభీతిచే తరువాతివారు గ్రంథపఠనముతోనే తృప్తినొందిరి. 1835లో స్థాపితమైన కలకత్తా మెడికల్ కాలేజీలో, ఆ మఱుసటి యేడు, అంతకుముందు సంస్కృత కళాశాలలో ఆయుర్వేదము బోధించిన పండిత మధుసూదన గుప్తుడు స్వహస్తములతో శవచ్ఛేదమునకు పూనుకొనుటతో ఆ భీతి సడలనారంభించెను. అనంతరకాలమున ఆ నగరమందే గణనాథసేనుడు, ఆయుర్వేద పాశ్చాత్యవైద్యములు రెండును నెఱిగినవాడగుటచే, 'ప్రత్యక్షశారీర' మను గ్రంథమును సంస్కృతమున రచించి, ప్రాచీన పరిభాషను కంటికి గనబడిన శరీరముతో సమన్వయింపజూచెను.

ఆ ప్రత్యక్షజ్ఞానమునకు దేహమునే అర్పించినవారును గలరు. 1957లో కలకత్తా చేరి అచటి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన జీవశాస్త్రజ్ఞుడు జె.బి.ఎస్. హాల్డేన్ 1964లో భువనేశ్వరమున మరణించినపుడు, ఆయన కోరికమేరకు ఆ దేహము మన కాకినాడ రంగరాయ వైద్యకళాశాలకు చేరినది.

ఇక మాట సంగతి. గుండె, మెదడు, ఊపిరితిత్తులు, కాలేయము, మూత్రపిండములు – వీనిని నేటి పత్రికలు 'కీలకావయవము' లని యంత్రభాగములను లెక్కించినట్లు వ్రాయుచున్నవి. మర్మశబ్దమును పూర్వార్థమునకు మరలించుట యిపుడు సాధ్యమయ్యెడి పని కాదు. అయినను పల్లెలోని ముసలమ్మకు సైతము తెలిసిన 'ఆయువుపట్టు' అను చక్కని తెలుగుమాట మనకు కలదు. దెబ్బ ఆయువుపట్టున తగిలినదని విన్న బంధువునకు ఆ యపాయము వేఱొకరు విప్పి చెప్పనక్కఱలేదు. వైద్యులును, పత్రికలవారును, పాఠ్యపుస్తకములు వ్రాయువారును సంకోచింపక ఈ మాటను చేపట్టుదురుగాక.