పలికేదే వీణ

చేతితో చేసిన వస్తువుకు రెండు విధాలైన విలువ ఉంటుంది. ఒకటి కంటికి కనిపించేది. రెండవది వాడినప్పుడు మాత్రమే తెలిసేది. ఈ రెండూ కలిసి ఉన్నంతకాలం ఆ వస్తువును గురించి వాదం పుట్టదు. ఒకటి మిగిలి మరొకటి తొలగిపోయినప్పుడు వాదం మొదలవుతుంది. విజయనగరం జిల్లా బొబ్బిలికి సమీపంలోని గొల్లపల్లి గ్రామంలో తయారయ్యే వీణల విషయంలో వినిపిస్తున్నది అటువంటి వాదమే.

గొల్లపల్లిలో సర్వసిద్ధి ఇంటిపేరు గల కుటుంబాలు తరతరాలుగా వీణలు చేస్తున్నాయి. బొబ్బిలి వీణకు భౌగోళిక సూచిక గుర్తింపు కూడా లభించింది. అయితే కచేరీకి పనికివచ్చే పెద్ద వీణల కంటె చిన్న చిన్న అలంకార వీణలకే నేడు గిరాకీ ఎక్కువ. సభలలో అతిథులకు జ్ఞాపికలుగా ఇవ్వడానికి, ఇళ్లలో అద్దాల బీరువాలలో ఉంచడానికి వాటిని కొంటారు. ఆ వీణకు దండి ఉంటుంది, కుండ ఉంటుంది, యాళి ముఖం ఉంటుంది, తంత్రులు కూడా కనిపిస్తాయి. కాని దానిమీద రాగం పలకదు.

కచేరీ వీణ తయారీ ఎంత శ్రమతో కూడినదో తెలిస్తే ఈ భేదం స్పష్టమవుతుంది. బొబ్బిలి వీణను ఒకే పనస దుంగ నుండి మలచడం పరిపాటి. ముదిరిన చెట్టును ఎన్నుకోవాలి. దుంగను చెక్కి, లోపలి భాగాన్ని తొలిచి, కుండనూ దండినీ అతుకు లేకుండా తీర్చాలి. కుండ గోడ మందం ఎక్కువైతే నాదం మొద్దుబారుతుంది. పలుచనైతే చెక్క నిలువదు. ఆపైన పలక మూసి, మైనం పరచి, దానిమీద 24 మెట్లను అమర్చాలి. దీనినే మేళం కట్టడం అంటారు. ఒక్కొక్క మెట్టును స్వరం సరిగా పలికేవరకు వెంట్రుకవాసి జరుపుతూ పోవాలి. అక్కడ ఉలి పని ముగిసి చెవి పని మొదలవుతుంది. నాలుగు వాయించే తంత్రులు, మూడు తాళపు తంత్రులు బిగించి మీటినప్పుడు గాని ఆ శ్రమ ఫలించిందో లేదో తెలియదు. అలంకార వీణకు ఈ చివరి పరీక్ష లేదు.

ఈ మార్పును గురించి కళాభిమానులు రెండుగా చీలిపోయారు. పాత వీణలను ఎరిగినవారు ఇది కళాక్షీణత అంటారు. సులభంగా అమ్ముడుపోయే వస్తువు కోసం కష్టమైన విద్యను వదులుకోవడం తగదని వారి ఆక్షేపణ. రెండవ పక్షంవారు కళాకారుని ఇంటి పొయ్యిని చూపుతారు. పనస దుంగ ప్రియమైంది. పెద్ద వీణ కొనేవారు అరుదైనారు. చిన్న వీణ లేకపోతే ఆ వృత్తే మిగలదని వారి వాదన.

ఇటువంటి వాదం వీణలకే పరిమితం కాదు. 1984లో అమెరికాకు చెందిన హాస్‌బ్రో సంస్థ, జపాన్‌కు చెందిన టకారా సంస్థ రూపొందించిన బొమ్మలను ‘ట్రాన్స్‌ఫార్మర్స్’ అనే పేరుతో విక్రయించడం ప్రారంభించింది. లారీగానో, కారుగానో కనిపించే బొమ్మను ఒక క్రమంలో మడిచి, తిప్పి, లాగితే అది మరమనిషిగా మారుతుంది. ఆ బొమ్మలతో పెరిగి పెద్దవారైన సేకర్తలలో కొందరు, తరువాతి కాలపు బొమ్మలలో మునుపటి చిక్కుదనం తగ్గిందని విచారిస్తారు. చిన్నపిల్లల కోసం ఒక్క కదలికతో రూపం మారే బొమ్మలు వచ్చాయి. మరొక వైపు 2003 నుండి పెద్దల కోసం ‘మాస్టర్‌పీస్’ అనే పేరుతో మిక్కిలి జటిలమైన బొమ్మలూ వచ్చాయి. సులభమైనవి బొమ్మలే కావని ఒకరు, ఆడుకోవడానికి వీలుకాని జటిలత్వం ఎందుకని మరొకరు వాదించుకుంటారు.

ఈ వాదంలో గ్రహించవలసిన విషయం ఒకటి ఉంది. ఒక్క కదలికతో మారినా ఆ బొమ్మ మారుతూనే ఉన్నది. పసివాని చేతిలో అది తన పని తాను చేస్తున్నది. పాతిక కదలికలతో మారే బొమ్మను పెట్టె విప్పకుండా అలమారలో దాచిన సేకర్త చేతిలో మాత్రం అది మారడం లేదు. కాబట్టి జటిలత్వమే వస్తువు గొప్పతనానికి కొలత అనడం పొరపాటు.

సంగీత చరిత్ర కూడా ఈ మాటనే బలపరుస్తుంది. పూర్వం కొన్ని వీణలపై రాగాన్ని బట్టి మెట్లను జరుపుకోవలసి వచ్చేది. 24 మెట్లను స్థిరంగా నిలిపి, అన్ని రాగాలనూ ఒకే వీణపై వాయించే వీలు కల్పించిన ఘనతను 17వ శతాబ్దపు తంజావూరు ప్రభువు, తెలుగు కవి అయిన రఘునాథ నాయకునికి ఆపాదిస్తారు. ఈ మార్పు వైణికుని పనిని సులభం చేసింది. సంగీతాన్ని మాత్రం సన్నగిల్లజేయలేదు, విస్తరింపజేసింది. సరళత అంతా క్షీణత కాదనడానికి ఇంతకంటె వేరే సాక్ష్యం అక్కరలేదు.

అట్లని ప్రతి కష్టమూ అనవసరమనీ చెప్పరాదు. శ్రీకాకుళం జిల్లా పొందూరులో సన్నఖద్దరు నూలు వడికేవారు వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి శుభ్రపరుస్తారు. చూసేవారికి అది వింత ఆచారంగా తోచవచ్చు. కాని ఆ ఎముకలోని సన్నని పళ్లు పత్తి పోగులను చక్కబరచడం వల్లనే అంత సన్నని నూలు సాధ్యమవుతున్నది. ఆ మెట్టును తప్పిస్తే పని తగ్గుతుంది. పనితోపాటు నూలు సన్నదనమూ పోతుంది.

ఈ రెండు ఉదాహరణల నుండి ఒక నియమం తేలుతుంది. వస్తువు ప్రయోజనాన్ని నిలిపే సరళత మేలైనది. ప్రయోజనాన్నే తొలగించే సరళత నష్టదాయకమైనది. రఘునాథుని నాటి మార్పు మొదటి కోవకు చెందుతుంది. రాగం పలకని వీణ రెండవ కోవకు చెందుతుంది. దానిని అందమైన శిల్పం అనవచ్చు, జ్ఞాపిక అనవచ్చు. వీణ అనడం మాత్రం ఉపచారమే.

ఇందుకు కళాకారుని నిందించడం న్యాయం కాదు. అతనిచేత చిన్న వీణలు చేయిస్తున్నది కొనుగోలుదారుల అభిరుచే. పెద్ద వీణ కొని, దానికి పట్టుగుడ్డ కప్పి మూల నిలబెట్టే ధనికుడు కూడా కళను రక్షిస్తున్నానని చెప్పుకోలేడు. వాయించని పెద్ద వీణకూ పలకని చిన్న వీణకూ భేదం ధరలోనే ఉన్నది.

అసలైన ప్రమాదం మరొకచోట ఉంది. తండ్రికి రెండు పనులూ తెలుసు. గిరాకీ ఒకదానికే ఉంటే కొడుకు ఆ ఒక్కటే నేర్చుకుంటాడు. చెక్కడం చేతికి వస్తుంది, మేళం కట్టడం చెవికి రాదు. ఈ విద్య గ్రంథాల నుండి అబ్బేది కాదు. చేసేవాని పక్కన కూర్చుని, మెట్టు జరిపినప్పుడల్లా విని నేర్చుకోవలసినది. ఒక్క తరం వినకపోతే మరుసటి తరానికి వినిపించేవారు ఉండరు. అప్పుడు ఎన్ని జ్ఞాపికలు అమ్ముడైనా అవి దేనిని జ్ఞాపకం చేస్తున్నాయో చెప్పేవారు మిగలరు.

దీనికి విరుగుడు చిన్న వీణలను నిషేధించడం కాదు. అవి అన్నం పెడుతున్నాయి, పెట్టనివ్వాలి. వాటితోపాటు పలికే వీణకూ పని కల్పించాలి. 1919లో స్థాపితమై, ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షులుగా ఉన్న సంగీత కళాశాల విజయనగరంలోనే ఉంది. అటువంటి విద్యాసంస్థలు తమ వీణలను గొల్లపల్లి నుండి తెప్పించుకోవడం, పాతవాటి మరమ్మతులు అక్కడివారికే అప్పగించడం ఆ విద్యకు ఊపిరి పోస్తాయి. పనస చెట్లను నేడు నాటితే రేపటి తరానికి దుంగలు అందుతాయి. చిన్న వీణలు చేసే యువకులు మేళం కట్టడం కూడా నేర్చుకునేందుకు వేతనంతో కూడిన శిక్షణ కల్పించవచ్చు.

అన్నిటికంటె ముఖ్యమైనది వినేవారు ఉండటం. పిల్లలు వీణ నేర్చుకునే ఇళ్లు ఉన్నంతకాలం వీణ చేసే ఇళ్లూ ఉంటాయి. సభలో జ్ఞాపికను అందుకున్న అతిథి దానిని బీరువాలో ఉంచే ముందు, దాని పెద్దక్క ఎలా పలుకుతుందో ఒక్కసారి విని ఉంటే, ఆ చిన్న వీణకు కూడా అర్థం చేకూరుతుంది.