ఉన్నామా? ఉండేవాళ్లమా?

పై చదువుల కోసమో, సిరీస్‌లు చూసి సరదా పుట్టో మనలో కొంతమంది స్పానిష్ మొదలుపెడుతున్నాం. మొదట్లో హాయిగానే సాగుతుంది. తర్వాత భూతకాలం వస్తుంది, చాలామంది అక్కడే ఆగిపోతారు. ఎందుకంటే స్పానిష్‌లో జరిగిపోయిన పనికి రెండు రూపాలున్నాయి: ప్రెతేరితో, ఇంపెర్‌ఫెక్తో. 'తిను' అనే క్రియకి 'కొమీ' ఒకటి, 'కొమీయా' ఇంకొకటి. రెండూ 'నేను' చేసిన పనే. ఎప్పుడు ఏది వాడాలి?

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఈ ఎంపికని ఇంగ్లీష్ మీదుగా నేర్చుకోవడం మనకి దండగ. తెలుగు మీదుగా వెళ్తే సగం పని ముందే అయిపోయి ఉంటుంది.

మామూలుగా మనకి ఒక లిస్టు ఇస్తారు. 'ఆయెర్' (నిన్న) కనిపిస్తే ప్రెతేరితో, 'తోదోస్ లోస్ దీయాస్' (ప్రతిరోజూ) కనిపిస్తే ఇంపెర్‌ఫెక్తో. మన కంప్యూటర్ సైన్స్ వాళ్లకి ఇది భలే నచ్చుతుంది, ఎందుకంటే అచ్చం ఇఫ్-ఎల్స్ లాగే ఉంటుంది. కానీ ఈ కోడ్ నిలబడదు. "నిన్న నేను బయల్దేరేసరికి వాన పడుతోంది" అనాలంటే 'ఆయెర్' ఉన్నా సరే వానకి 'యొబీయా' అని ఇంపెర్‌ఫెక్తోనే వాడతారు. "పోయిన ఏడాది రోజూ జిమ్‌కి వెళ్లాను" అనాలంటే 'తోదోస్ లోస్ దీయాస్' ఉన్నా 'ఫుయీ' అని ప్రెతేరితో వాడొచ్చు. అంటే ఎంపిక చేసేది పక్కనున్న పదం కాదు. మాట్లాడే మనిషి ఆ పనిని మొదలూ చివరా కలిపి ఒక మూటగా చూస్తున్నాడా, లేక దాని మధ్యలో నిలబడి చూస్తున్నాడా అన్నదే అసలు లెక్క.

ఇప్పుడు తెలుగుకి రండి. "గుంటూరులో మూడేళ్లు ఉన్నాం." "చిన్నప్పుడు గుంటూరులో ఉండేవాళ్లం." ఈ రెండూ మనకి ఎవరూ నేర్పలేదు. అయినా మొదటి వాక్యంలో 'ఉండేవాళ్లం' పెడితే చెవికి తేడా కొడుతుంది. స్పానిష్ వాళ్లూ సరిగ్గా ఇదే చేస్తారు. మూడేళ్లు అని కొలత పెడితే 'బిబీమోస్', కొలత లేకుండా ఆ రోజుల్ని తలుచుకుంటే 'బిబీయామోస్'. ఇంగ్లీష్‌లో రెండు చోట్లా 'లివ్డ్' అనేసి ఊరుకోవచ్చు, కాబట్టి ఆ దారిన వెళ్తే తేడా కనపడదు.

ఇంకో ఉదాహరణ నాకు బాగా ఇష్టం. 'సబేర్' అంటే తెలిసి ఉండటం. 'సబీయా' అంటే "నాకు అప్పటికే తెలుసు". 'సుపే' అంటే "నాకు తెలిసింది", అంటే ఆ క్షణంలో తెలియడం. ఇంగ్లీష్ పుస్తకాలు దీన్ని "అర్థం మారిపోయే క్రియలు" అని ప్రత్యేకంగా ఒక బాక్స్ గీసి బట్టీ పట్టిస్తాయి. మనకి బాక్స్ ఎందుకు? 'తెలుసు', 'తెలిసింది' రెండూ మన దగ్గర ఒకే ధాతువు.

వెనెజ్వేలాలో పుట్టి చిలీలో స్థిరపడిన ఆంద్రేస్ బెయ్యో అనే పండితుడు 1847లో తన వ్యాకరణం ప్రచురించాడు. అందులో ఇంపెర్‌ఫెక్తోకి ఆయన పెట్టిన పేరు 'కోప్రెతేరితో', అంటే గతంలోని ఇంకో విషయంతో పాటు నడిచేది. మెక్సికో బడుల్లో ఇప్పటికీ ఆ పేరు వాడతారు. "బయల్దేరేసరికి వాన పడుతోంది" అన్నప్పుడు ఆ వాన చేసేది అదే కదా!

అయితే తెలుగు అచ్చుగుద్దినట్టు సరిపోతుందని నేను అనట్లేదు. 'తినేవాళ్లం' అనేది అలవాటుకే. ఆ క్షణంలో నడుస్తున్న పనికి మనం 'తింటున్నాం' అంటాం. స్పానిష్‌లో రెండిటికీ ఒకే 'కొమీయామోస్' సరిపోతుంది. ఇంకా, "తలుపు తీస్తే లోపలంతా చీకటి" అని మనం క్రియ లేకుండా వదిలేస్తాం. వాళ్లు 'ఎస్తాబా' అని ఇంపెర్‌ఫెక్తో పెట్టాల్సిందే. ఈ తేడాలు నేర్చుకోవాలి. కానీ ఇవి నాలుగైదు సర్దుబాట్లు మాత్రమే, మొత్తం కొత్తగా కట్టుకోవడం కాదు.

దీన్ని ఇంత పట్టుదలగా ఎందుకు చెప్తున్నానంటే, మనది ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం, ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్న బ్యాచ్. తెలుగు ఇంట్లో మాట్లాడుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదని మనకి తెలీకుండానే నమ్మేశాం. అందుకే కొత్త భాష ఏదొచ్చినా ముందు ఇంగ్లీష్‌లోకి మార్చి, ఇంగ్లీష్‌లో లేని తేడాని "కష్టం" అని పేరు పెట్టి వదిలేస్తున్నాం. ఆ తేడా మన నోట్లో రోజూ ఆడుతున్నా సరే!

కాబట్టి స్పానిష్ నేర్చుకుంటున్న మిత్రులకి నా సలహా ఒక్కటే. ఖాళీ పూరించే ముందు ఆ వాక్యాన్ని తెలుగులో, మీ ఇంట్లో మాట్లాడే తెలుగులో, ఒకసారి పైకి అనండి. 'వెళ్లాను' వచ్చిందా, 'వెళ్లేవాణ్ణి', 'వెళ్లేదాన్ని' వచ్చిందా, 'వెళ్తున్నాను' వచ్చిందా చూడండి. మొదటిదైతే ప్రెతేరితో, మిగతావైతే ఇంపెర్‌ఫెక్తో. తప్పే రాదని కాదు, కానీ ఆ లిస్టు కంటే ఇది చాలా నయం.