బండికి శ్రుతి చేయడం

వీణకూ తంబురకూ శ్రుతి చేసినట్టే కారు ఇంజనుకూ శ్రుతి చేసేవారున్నారు. ఆ పనిని అందరూ ‘ట్యూన్’ అంటారు కాబట్టి నేనూ అలాగే అంటాను. సినిమా బాణీల సంగతేమో అనుకొని ఇటు వచ్చిన మిత్రులు మన్నించాలి, ఈ టపా ఆసాంతం పెట్రోలు వాసనే.

పాటకు శ్రుతి పెట్టేటప్పుడు ముందు పాడేవారి గొంతు చూస్తారు. కారు విషయంలో మాత్రం మనవాళ్ళు మొదట అడిగేది “ఎన్ని గుర్రాలు పెరుగుతాయి?” అనే. నా ఉద్దేశంలో అది చివర అడగవలసిన ప్రశ్న. రోజూ ఆఫీసుకూ, పండగకు ఊరికీ తిరిగే బండి అయితే, ఆ ట్యూన్‌ను ఏ పెట్రోలుకు రాశారు, ఏ ఎండలో పరీక్షించారు, వెనక ఉన్న గేరుబాక్సు ఎంత మోయగలదు అన్నవి ముందు తేలాలి.

నా దగ్గర ఉన్నది పాత పోలో జీటీ టీఎస్ఐ. 1.2 లీటర్ల టర్బో ఇంజను, 105 గుర్రాల శక్తి, 175 న్యూటన్ మీటర్ల టార్కు. ఎయిర్ ఫిల్టరు, టైర్లు మార్చడం తప్ప దానికి నేను చేసిన అలంకారమేమీ లేదు. ఇలాంటి బండికి ‘స్టేజ్ 1’ అనే ట్యూన్ అమ్ముతారు. విడిభాగాలేమీ మార్చరు. ఇంజనును నడిపే కంప్యూటరులోని లెక్కలను మాత్రం తిరగరాస్తారు: టర్బో ఎంత గాలిని కుక్కాలి, ఎంత పెట్రోలు చిమ్మాలి, రవ్వ ఎప్పుడు పుట్టాలి.

చిక్కంతా ఆ రవ్వ దగ్గరే. పిస్టన్ పైకి చేరకముందే రవ్వ వెలిగితే మంట సరిగ్గా అదను చూసి దాన్ని కిందికి నెడుతుంది. ఎంత ముందుగా వెలిగిస్తే అంత బలం, అదీ ఒక హద్దు వరకే. ఆ హద్దు దాటితే మంట ఇంకా చేరని మూలన ఉన్న మిశ్రమం తనంతట తానే భగ్గుమంటుంది. దాన్నే నాకింగ్ అంటారు. గాలి ఎంత వేడిగా ఉంటే, పెట్రోలు ఆక్టేను ఎంత తక్కువైతే, ఆ హద్దు అంత దగ్గరికి జరుగుతుంది. నాకింగ్‌ను పసిగట్టే సెన్సరు ఉంటుంది, కంప్యూటరు రవ్వను వెనక్కి జరిపి ఇంజనును కాపాడుకుంటుంది. అంటే, చల్లని గదిలో, బానెట్ ఎత్తి, ఎదురుగా పెద్ద ఫ్యాను పెట్టి తీసిన ఆ అందమైన గ్రాఫులోని బలం మే నెలలో బెజవాడ బెంజి సర్కిల్ దగ్గర మీకు దొరకదు. డబ్బు పెట్టి కొన్నదాన్ని ఎండ పట్టుకుపోతుంది. అందుకే గ్రాఫు కంటే లాగులు అడగడం మేలు. నలభై డిగ్రీల ఎండలో, మూడో గేరులో, పూర్తి త్రాటిల్ మీద ఏ సిలిండరులో రవ్వ ఎంత వెనక్కి జరిగిందో చూపించమనాలి. చూపించడానికి మొహమాటపడే ట్యూనరు దగ్గర నేనైతే ఆగను.

అమెరికాలో ఉన్న మిత్రులకు ఒక మాట. మీ బంకు మీద కనిపించే 91, మన 91 ఒకటి కావు. అక్కడ రెండు రకాల కొలతల సగటును రాస్తారు, ఇక్కడ వాటిలో పెద్దదైన ఒక్క కొలతనే రాస్తారు. మీ 91 మా లెక్కలో సుమారు 95. అక్కడి ఫైలును “91కి రాసిందే కదా” అని ఇక్కడి బండికి ఎక్కించడం నీళ్ళ లోతు తెలియక దిగడమే.

ఇప్పుడు ఇంకొక మెలిక వచ్చింది. 2025 నాటికి దేశమంతటా పెట్రోలులో ఇథనాలు 20 శాతానికి చేరింది. ఇథనాలుకు ఆక్టేను ఎక్కువ, సిలిండరును చల్లబరిచే గుణమూ ఉంది. కాబట్టి నాకింగ్ విషయంలో దాన్ని తిట్టడం న్యాయం కాదు. అయితే అందులో శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ, అదే పనికి ఎక్కువ ఇంధనం చిమ్మాలి. 2018లో రాసిన ఫైలుకు ఈ సంగతి తెలియదు. నా బండి లాంటి పాతవాటిని అసలు ఈ మిశ్రమం కోసం తయారు చేయనూలేదు. ఫైలు ఏ ఏడాదిదో అడగడంలో చాదస్తమేమీ లేదు.

ఇక గేరుబాక్సు. నా కారులోని ఏడు గేర్ల డీఎస్‌జీకి క్లచ్చులు పొడివి, చల్లబరిచే నూనె తొట్టి వాటికి లేదు. తయారీదారు చెప్పిన గరిష్ఠ టార్కు 250. ఒక ట్యూనరు సరిగ్గా ఆ అంచుదాకా తీసుకెళతానంటాడు. ఇంకొకడు 215 దగ్గర ఆపుతానంటాడు. స్నేహితులంతా మొదటివాడికే ఓటు వేస్తారు. నా ఓటు రెండోవాడికి. అమీర్‌పేట ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం పాకే క్లచ్చుకు ఆ తేడా చిన్నది కాదు.

టార్కు ఎంత అన్నదానికంటే ఎక్కడ వస్తుందన్నది ఇంకా ముఖ్యం. 1,500 తిరుగుళ్ళకే ఒక్కసారిగా విరుచుకుపడే ట్యూన్ తొలిరోజు భలే సరదాగా ఉంటుంది, వీపు సీటుకు అతుక్కుపోతుంది. కానీ సిలిండరులోకే నేరుగా పెట్రోలు చిమ్మే చిన్న టర్బో ఇంజన్లలో, తక్కువ వేగంలో ఎక్కువ భారం పడ్డప్పుడే, రవ్వకు ముందే మిశ్రమం అంటుకొనే ప్రమాదం ఉంది. ఒక్క దెబ్బకు పిస్టన్ పగలవచ్చు. 2,200 దాకా నెమ్మదిగా ఎక్కి, ఆపైన నిలకడగా లాగే ట్యూన్ చూసేవారికి చప్పగా కనబడుతుంది. హైవే మీద లారీని దాటేటప్పుడు కావలసినది మాత్రం అదే.

వారంటీ ఉన్న బండి జోలికి పోవద్దని వేరే చెప్పనక్కరలేదు. బీమా కంపెనీకి చెప్పకుండా దాచడం నాకు నచ్చదు. ప్రమాదం జరిగిన నాడు ఆ రహస్యం ఎవరి పక్షాన నిలుస్తుందో ఊహించండి. పొగగొట్టంలోని కెటలిటిక్ కన్వర్టరు తీసేయించే ‘స్టేజ్ 2’ గురించి నాకు చర్చే అక్కరలేదు. వెనక స్కూటరు మీద వచ్చేవాడు ఏం పాపం చేశాడు?

ఫైలు ఎక్కించుకోవాలనే నిశ్చయించుకుంటే, ముందుగా కారులో ఉన్న అసలు ఫైలును చదివించి ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి. చాలామంది ట్యూనర్లు అడిగితేనే ఇస్తారు.