పుస్తకం పేరు తీసేస్తే మీ రివ్యూలో ఏం మిగులుతుంది?

ఈ సెమిస్టర్ మొదట్లో మన క్లబ్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. కొత్తగా చేరినవాళ్లు ఒక్కొక్కరూ ఒక పుస్తక సమీక్ష పంపాలి అని. అందరికీ ఒకటే డౌటు, ఏ పుస్తకం? పది నిమిషాల్లో పేర్లు వచ్చేశాయి. 'మహాప్రస్థానం', 'మైదానం', 'కన్యాశుల్కం'. నేనూ 'మహాప్రస్థానం' అన్నాను. ఎందుకంటే పేరు పెద్దది. నిజం చెప్పాలంటే ఇంకో కారణం లేదు.

రెండు పేజీలు రాసి పంపాను. "అద్భుతం", "అజరామరం", "ప్రతి ఒక్కరూ చదవాల్సిన పుస్తకం". ఒక సీనియర్ అక్క చదివి ఒకటే మాట అంది: "తమ్మీ, ఇండ్ల పుస్తకం పేరు తీసేసి ఇంకోటి పెట్టి చూడు. ఏమన్న తేడా కొడ్తదా?" పెట్టి చూశాను. 'కన్యాశుల్కం' అని పెట్టినా చక్కగా సరిపోయింది. మన భాషలో చెప్పాలంటే, ఒక్క వేరియబుల్ మారిస్తే ఏ పుస్తకానికైనా రన్ అయ్యే ఫంక్షన్ రాశానన్నమాట.

కోపం వచ్చింది గానీ, ఆమె అన్నది నిజమే. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం. ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్నాను. మనలో చాలామంది కథ ఇదే. తెలుగు పుస్తకం పట్టుకుంటే పేజీకి ఐదు నిమిషాలు పడుతుంది. కష్టంగా ఉన్నచోట ముందుమాట చూసి, ఎవరో అన్న మాటలు ఏరి, నా మాటలు అన్నట్టు పెట్టాను. పుస్తకం చదవలేదు, దాని కీర్తిని చదివాను.

అందుకే నా అభిప్రాయం ఇది. మొదటి రివ్యూకి గొప్ప పుస్తకం వెతక్కండి. మీకు తెలిసిన బతుకు ఉన్న పుస్తకం వెతకండి.

ఈ మాట మా ఇంట్లో చెబితే బాపు ఒప్పుకోలేదు. మాది కొడకండ్ల. పక్కనే పాలకుర్తి, అంటే పాల్కురికి సోమనాథుడి ఊరు. బమ్మెర కూడా దగ్గరే, పోతన గారి ఊరు. "మన పోతన ఉండంగ వేరేటోళ్ల మీద ఎందుకురా?" అన్నాడు. గర్వం నాకూ ఉంది. కానీ భాగవతంలో ఒక పద్యం అర్థం కావాలంటే నాకు పక్కన ఒకరు కూర్చొని చెప్పాలి. ద్విపదలో ఉన్న 'బసవపురాణం' కూడా అంతే. అంత పెద్ద గ్రంథం మీద మొదటి సమీక్ష రాస్తే అది పుస్తకం గురించి ఉండదు, మన భయం గురించే ఉంటుంది. భయపడ్డవాడు పొగుడుతాడు, అంతే.

ఇంకో పొరపాటు కూడా చాలామంది చేస్తారు. ఫ్రెండ్ వేసిన కవితల పుస్తకంతో మొదలుపెడతారు. అందులో నిజం చెప్పలేరు, అబద్ధం చెప్పడమూ సరిగ్గా రాదు. యాభై ఏళ్లు నిలబడిన పుస్తకమైతే మన తప్పు మాటను తట్టుకుంటుంది. నిన్న మొదటి పుస్తకం వేసినవాడు తట్టుకోలేడు.

మరి నేనేం తీసుకున్నాను? 'అంపశయ్య'. 1969లో వచ్చిన నవల. రాసిన నవీన్ గారిది పాలకుర్తి మండలంలోని వావిలాల. ఆయన అసలు పేరు దొంగరి మల్లయ్య. ఈ నవల ఎంత పేరు తెచ్చిందంటే, ఇప్పుడు అందరూ ఆయన్ని అంపశయ్య నవీన్ అనే పిలుస్తారు. 2004లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది దీనికి కాదు, 'కాలరేఖలు'కి. మొదట దాన్నే తీసుకుందామనుకున్నాను, అవార్డు బుక్కు కదా అని. కానీ అది తెలంగాణ చరిత్రతో ముడిపడిన నవల. సాయుధ పోరాటం గురించి నాకు తెలిసింది పరీక్షల బిట్లూ, మీటింగుల్లో విన్న మాటలూ. అది పక్కన పెట్టాను.

'అంపశయ్య'లో కథ అంటూ పెద్దగా లేదు. పల్లె నుంచి ఉస్మానియా యూనివర్సిటీకి వచ్చిన రవి అనే పీజీ విద్యార్థి, హాస్టల్లో పొద్దున లేచినప్పటి నుంచి రాత్రి పడుకునే దాకా ఒక్క రోజు. అతని తలలో ఏం తిరుగుతుందో అదే నవల. దీన్ని చైతన్య స్రవంతి అంటారు. జేమ్స్ జాయిస్ 1922లో 'యులిసీస్'లో డబ్లిన్ నగరంలో ఒక్క రోజును ఇలాగే రాశాడు. ఈ సంగతి తెలియకపోయినా నవల అర్థమవుతుంది. హాస్టల్ రూమ్ తెలిస్తే చాలు.

చదవడానికి మూడు వారాలు పట్టింది. కానీ ఈసారి ముందుమాట వైపు పరుగెత్తలేదు. ఇంటికి ఫోన్ చేసి డబ్బులు అడగాలంటే పదిసార్లు ఫోన్ తీసి పెట్టేయడం నాకు తెలుసు. డబ్బున్న క్లాస్‌మేట్ పక్కన కూర్చొని చెప్పులు లోపలికి లాక్కోవడం తెలుసు. రవి కాలంలో ఫోన్‌పే లేదు గానీ, ఆ సిగ్గు మాత్రం అదే. పెద్ద విమర్శకుడికి సిద్ధాంతం తెలియొచ్చు. ఇవాళ్టి హాస్టల్లో ఈ నవల ఎంతవరకు నిజమో చెప్పగలిగేది మాత్రం మనమే.

అక్కడితో ఆగలేదు. నా డ్రాఫ్ట్ చూసి క్లాస్‌లో ఒక అమ్మాయి అడిగింది: "ఇందులో అమ్మాయిలందరూ రవి చూసినట్టే కనిపిస్తారు కదా. వాళ్లేం అనుకున్నారో ఎక్కడుంది?" నాకు ఆ ప్రశ్నే రాలేదు. ఒక్క మనిషి తలలో నడిచే నవలలో అది లోపమా, ఆ పద్ధతి స్వభావమే అంతా? రెండు రోజులు ఆలోచించాను. నా రివ్యూ ఇప్పుడు ఆ ప్రశ్న చుట్టూనే ఉంది. పేరు తీసి ఇంకో పుస్తకం పేరు పెడితే అతకదు.

ఒక జాగ్రత్త చెప్పాలి. మన దగ్గరి రచయిత అనే ప్రేమ కూడా కళ్లు మూస్తుంది. నా రెండో డ్రాఫ్ట్‌లో మొదటి రెండు పేరాలు పాలకుర్తి గొప్పతనమే. కొట్టేశాను. మా తాత మగ్గం నేసేవాడు. తన చేతి బట్ట అయినా సరే, వెలుతురుకు పట్టి చూశాకే మంచిదో కాదో చెప్పేవాడు. ఊరు దగ్గరదైతే పుస్తకం తెరవడానికి కారణం దొరికినట్టు. మెచ్చుకోవడానికి అది కారణం కాదు.

తెలుగు పుస్తకాలు మనకి పేర్లుగానే మిగిలిపోతున్నాయి, క్విజ్‌లో జవాబుల్లాగా. మనం రాసే రివ్యూలు కూడా "అద్భుతం, అజరామరం" అంటూ పోతే, చదివినవాళ్లు సరే అని స్క్రోల్ చేస్తారు, పుస్తకం తెరవరు. అందుకే మీ మొదటి పుస్తకం చిన్నదైనా పర్లేదు, ఎవరికీ తెలియనిదైనా పర్లేదు. దాని గురించి మీరొక్కరే చెప్పగలిగే మాట ఒకటి ఉండాలి, దానితో మీరు పోట్లాడే చోటు ఒకటి ఉండాలి. అవి రెండూ దొరికితే రాయండి. దొరక్కపోతే ఇంకో పుస్తకం తీయండి, తొందరేం లేదు.

నా 'అంపశయ్య' రివ్యూ వచ్చే సంచికకి పంపుతున్నాను. అందులో పేరు మార్చి చూడండి. ఈసారి కూడా సరిపోతే గ్రూపులో చెప్పండి, మళ్లీ రాస్తాను.