నంబరు సరే... బాడీ దానిదేనా?

పాతబస్తీలోని చౌమహల్లా ప్యాలెస్‌కి వెళ్లినవాళ్లెవరైనా ఆ పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ ముందు కాసేపు ఆగాల్సిందే. 1912 నాటి సిల్వర్ ఘోస్ట్ అది. వెనక సీటు సింహాసనంలా ఎత్తుగా ఉంటుంది. దాన్ని ఆర్డరిచ్చిన ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ 1911లోనే కన్నుమూశారు. కారు వచ్చింది వారసుడు ఉస్మాన్ అలీఖాన్ కాలంలో. అది ఇన్నేళ్లలో తిరిగింది 356 మైళ్లేనట. అంటే, హైదరాబాద్ నుంచి ఒక్కసారి బెంగళూరు వెళ్లినంత దూరం!

ఇలాంటి పాతకారు అసలుదేనా అని ఎలా తేల్చుకోవాలి? ఛాసిస్ నంబరు చూస్తే చాలు అనుకుంటారు చాలామంది. చిక్కంతా అక్కడే ఉంది. ఆ రోజుల్లో రోల్స్‌రాయిస్ అమ్మింది ఇంజిన్‌తో కూడిన ఛాసిస్‌ని మాత్రమే. మనవాళ్లు లారీ ఛాసిస్ కొని విజయవాడ ఆటోనగర్‌లో బాడీ కట్టించుకుంటారే... అచ్చం అలాగే, బాడీని మరొకరితో కట్టించుకోవాలి. నిజాం కారుకి బాడీ కట్టింది లండన్‌లోని బార్కర్ కంపెనీ. కాబట్టి ఛాసిస్ నంబరు సాక్ష్యం చెప్పేది కింది చట్రం గురించే. పైన ఉన్న బాడీ సంగతి దానికి తెలియదు!

పైగా, టాప్‌లేని కార్లకి గిరాకీ ఎక్కువ. అందుకే కొందరు పాత మూసిన బాడీని తీసేసి కొత్తగా ఓపెన్ బాడీ కట్టించారు. నంబరు నిజమే, రూపమే వేరు.

అందుకే నిపుణులు ఒక్క నంబరుతో ఆగరు. ఆర్టీఏ ఆఫీసులో చేసినట్టు కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ఛాసిస్ నంబరు అచ్చు తీస్తారు. అంకెల తీరు చూస్తారు. ఆకురాయి గీతలు, వెల్డింగ్ అతుకులు ఉన్నాయేమో వెతుకుతారు. బాడీకి విడిగా నంబరుంటే దాన్నీ, ఇంజిన్ నంబరునీ కంపెనీ రికార్డుతో సరిపోలుస్తారు. జాగ్వార్ లాంటి స్పోర్ట్స్ కార్లకైతే ఛాసిస్, ఇంజిన్, బాడీ, గేర్‌బాక్స్ నంబర్లన్నీ రాసిన హెరిటేజ్ సర్టిఫికెట్ దొరుకుతుంది. వాటిలో బాడీ నంబరొక్కటి కలవలేదంటే... తుప్పుకో, ప్రమాదానికో పాతది పోయి వేరేది వచ్చిందని అనుమానించాల్సిందే. పాత ఫొటోలూ ఇక్కడ అక్కరకొస్తాయి.

ఇది సరదా వ్యవహారమే కాదు. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన వాహనానికి 'వీఏ' సిరీస్‌లో వింటేజ్ నంబరు కావాలంటే ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులేవీ చేసి ఉండకూడదు. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు రూ.20,000. ఇక, కొనేవాళ్లు పోసే సొమ్ము లక్షల్లోనో కోట్లలోనో ఉంటుంది.

బాడీ మారడం తప్పేం కాదు. మారిందని చెప్పకుండా అమ్మడమే మోసం. ఎక్కువ తిరిగిన కారుకి మరమ్మతులూ ఎక్కువే, మార్పులూ ఎక్కువే. గడప దాటని కారుకి ఆ బెడద తక్కువ. చౌమహల్లా కారు విషయంలో ఆ 356 మైళ్లకి అంత విలువ అందుకే మరి!