వందలో 55 మంది ఎక్కడున్నారు?



రేపు ఆదివారం సాయంత్రం 6 గంటలకు ప్రచారం ముగుస్తుంది. మంగళవారం, 2020 డిసెంబర్ 1న గ్రేటర్ హైదరాబాద్ ఎన్నికల పోలింగ్. మన డివిజన్ కార్పొరేటర్ అభ్యర్థిగా నా హామీల కరపత్రం ఇప్పటికే మీ ఇంటికి చేరింది కాబట్టి వాటిని మళ్లీ ఏకరువు పెట్టను. నన్ను నిద్రపోనివ్వని సంగతి వేరే ఉంది. 2016 ఫిబ్రవరిలో గ్రేటర్ హైదరాబాద్ ఎన్నికలు జరిగితే పోలైంది 45.29 శాతం. వందలో 55 మంది ఓటు వేయలేదు. అంతకుముందు 2009లో అయితే 42 శాతం దగ్గరే ఆగింది. ఓట్లడుగుతూ ఈ గల్లీల్లో తిరిగేవాళ్లలో నేనూ ఒకణ్ని. ఆ 55 మంది లెక్కకు నేనూ జవాబుదారీనే.

ఆ లెక్క మొన్న మన ఇళ్లలోకి వచ్చిన నీళ్లతో ముడిపడి ఉంది. ఈ ఏడాది అక్టోబర్ 13 రాత్రిని ఎవరూ మరిచిపోయి ఉండరు. ఘట్‌కేసర్ వైపు ఒక్కరోజులోనే 30 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. నాలుగు రోజులకు బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగింది. సరూర్‌నగర్, రామంతాపూర్, టోలీచౌకి, హఫీజ్‌బాబానగర్, ఎటు చూసినా నీళ్లే. పై చెరువు అలుగు పారితే ఆ నీళ్లు నాలాలోంచి కింది చెరువుకు, అక్కణ్నుంచి మూసీకి పోవాలి. నాలా ఇరుకైతే నీళ్లు మన ఇళ్లలోకి వస్తాయి. ఇది కొత్తగా కనిపెట్టిన విషయం కాదు. 2000 ఆగస్టు వరదల తర్వాత కిర్లోస్కర్ కన్సల్టెంట్స్ నివేదిక ఇచ్చి, నాలాలు వెడల్పు చేయాలని చెప్పి 17 ఏళ్లయింది. అయినా మొన్న మనం పడవల్లో గల్లీలు దాటాం.

ఇన్నేళ్లలో ఆ నివేదిక సంగతి అడగాల్సింది కార్పొరేటర్. ఎండాకాలంలో నాలా పూడిక తీయించాల్సిందీ, తీసిన మట్టి గట్టు మీదే వదిలేస్తే తొలి వానకు మళ్లీ నాలాలోకే జారుతుందని అధికారులను నిలదీయాల్సిందీ కార్పొరేటరే. వీధిదీపం, చెత్త బండి, కాలనీ రోడ్డు, మీరు కట్టే ఆస్తి పన్ను ఖర్చు, అన్నిటి మీదా కౌన్సిల్‌లో నోరు విప్పాల్సిన మనిషి ఆయనే. ఎమ్మెల్యే ఎన్నిక అంటే జనం కదులుతారు, ఎంపీ ఎన్నిక అంటే టీవీల ముందు కూర్చుంటారు. గుమ్మం ముందు మురుగు పారితే ఎవరిని పిలవాలో ఆ మనిషిని ఎన్నుకోవడానికి మాత్రం వందలో 55 మందికి తీరదు!

ఈ ప్రచారంలో నేను చూసింది చెబుతాను. నాలా పక్క బస్తీలో ఒక ఇంటికి వెళ్లాను. గోడ మీద నీటి మరక ఇంకా నా ఛాతీ ఎత్తున ఉంది. గోడకు సున్నం పెచ్చులూడుతోంది. కిటికీ ఊచకు కట్టిన తాడు మీద పిల్లల పుస్తకాలు ఆరేసి ఉన్నాయి. నెలన్నరైనా అట్టలు ఉబ్బి, కాగితాలు ఒకదానికొకటి అతుక్కునే ఉన్నాయి. ఆ ఇంటి పెద్దమ్మ నన్ను బాగానే కడిగేసింది. "నీళ్లొచ్చిన నాడు ఒక్కలు రాలే. ఓట్లనంగనే అందరొస్తున్నరు" అంది. నేను తల దించుకుని నిలబడ్డాను. కాసేపాగి తనే అంది: "అయినా ఏస్తం బిడ్డా. ఎయ్యకుంటే రేపు అడిగే మొఖం యాడుంటది?"

అదే సాయంత్రం, అక్కడికి కూతవేటు దూరంలో ఉన్న అపార్ట్‌మెంటుకు వెళ్లాం. గేటు దగ్గరే వాచ్‌మన్ ఆపాడు. "సెక్రటరీ సార్ వద్దన్నరు, కాయితాలు ఈడ పెట్టి పోండ్రి" అన్నాడు. కరోనా రోజులు, జాగ్రత్త పడటంలో తప్పేమీ లేదు. కానీ అదే అపార్ట్‌మెంటు సెల్లార్‌లో అక్టోబర్‌లో కార్లు మునిగాయి, మూడు రోజులు లిఫ్టు పనిచేయలేదు, కరెంటు లేదు. కిందికి దిగొచ్చిన ఒకాయనను ఓటు వేస్తారా అని అడిగితే, "చూద్దాం, ఆ నాలుగు రోజులు ఊళ్లో ఉండట్లేదు" అన్నారు.

ఆ నాలుగు రోజుల సంగతి నాకు తెలుసు. ఈరోజు నాలుగో శనివారం, రేపు ఆదివారం, సోమవారం కార్తీక పౌర్ణమి, గురునానక్ జయంతి, మంగళవారం పోలింగ్ సెలవు. వరుసగా నాలుగు రోజులు. పోలింగ్ రోజున సెలవిచ్చేది ఓటు వేయడానికండీ! కార్తీక దీపం వెలిగించుకోండి, గుడికి వెళ్లండి, పుట్టింటికి వెళ్లండి, ఎవరొద్దన్నారు? సోమవారం రాత్రికి తిరిగొచ్చేయండి.

"ఎవరు గెలిచినా ఒకటే" అని చాలామంది అన్నారు. ఒకటే ఎందుకవుతుందో పార్టీల లోపలి మనిషిగా చెబుతున్నా, వినండి. నగరంలో 74 లక్షలకు పైగా ఓటర్లు, 150 డివిజన్లు. సగటున డివిజన్‌కు దాదాపు 50 వేల మంది. అందులో 45 శాతమే వస్తే పోలయ్యేవి 22, 23 వేలు. నలుగురు గట్టిగా పోటీ పడితే 9, 10 వేల ఓట్లతో ఒకరు గెలిచేస్తారు. 50 వేల మందికి ప్రతినిధి అయినా ఆ 10 వేల మంది ముఖాలే చూస్తారు. పైగా ఏ బూత్‌లో ఎంత పోలైందో ప్రతి పార్టీ ఆఫీసులో లెక్క ఉంటుంది. తక్కువ పోలైన బూత్ వాళ్ల రోడ్డు వినతిపత్రాల కట్టలో అడుగుకు పోతుంది. ఓటు వేయని కాలనీకి భయపడే నాయకుణ్ని నేనింతవరకు చూడలేదు. నాలా మీద కట్టడాలు తొలగిద్దామని ఎవరైనా గట్టిగా పట్టుబట్టాలంటే వెనక జనం ఉన్నారన్న ధైర్యం కావాలి. ఆ జనంలో వందకు 55 మంది ఇంట్లో కూర్చుంటే ఆ ధైర్యం ఎక్కడి నుంచి వస్తుంది?

కాలనీ వాట్సాప్ గ్రూపుల్లో నాలుగేళ్లుగా గుంతల ఫోటోలు పెడుతున్న అన్నలూ అక్కలూ, మీకే ఇంత గట్టిగా చెబుతున్నాను. ఫోటో తీసే ఓపిక ఉన్న మనిషికి పోలింగ్ కేంద్రం దాకా నడిచే ఓపిక లేదంటే నేను నమ్మను. నా మీద కోపముంటే నాకు వ్యతిరేకంగా వేయండి. నేను ఓడిపోయినా సరే, మన డివిజన్‌లో సగం దాటి పోలైతే గెలిచినవాళ్లు మిమ్మల్ని లెక్కచేయక తప్పదు.

ఇంట్లోంచి పని చేసుకోవచ్చని సొంతూళ్లకు వెళ్లిన ఐటీ పిల్లల తల్లిదండ్రులకు ఇంకో మాట. బస్సులు నడుస్తున్నాయి. ఒక్క ఫోన్ చేసి రమ్మనండి. అపార్ట్‌మెంటు సెక్రటరీలు ఈ రెండు రోజుల్లో ప్రతి ఫ్లాటుకూ ఓటరు స్లిప్ అందిందో లేదో కనుక్కోండి. నడవలేని పెద్దవాళ్లుంటే పక్కింటి వాళ్లు తోడు వెళ్లండి.

ఈసారి ఓటింగ్ యంత్రాలు లేవు, బ్యాలెట్ పేపరే. పోలింగ్ అధికారి ఇచ్చే ముద్రను ఒక్క గుర్తు మీదే వేయండి. రెండింటి మీద పడితే ఓటు చెల్లదు. ఓటరు కార్డు కనపడకపోతే ఆధార్ పట్టుకెళ్లండి. మాస్కు పెట్టుకోండి, దూరంగా నిలబడండి.

మంగళవారం ఉదయం 7 నుంచి సాయంత్రం 6 దాకా పోలింగ్. పొద్దున్నే టిఫిన్‌కు ముందే వచ్చి ఓటు వేసి వెళ్లండి. మీరు వచ్చేటప్పుడు పక్కింటి తలుపు కూడా తట్టండి.