గొడవ ఎవరితో?

రాపర్ అనగానే మనవాళ్ల కళ్ల ముందు మెడలో లావుపాటి గొలుసు, తిరగేసి పెట్టిన టోపీ, వెనకాల ఖరీదైన కారు కదులుతాయి. బెన్ షార్పా పేరు నిలబడింది ఆ సరంజామా వల్ల కాదు. అసలు పేరు క్గోట్సో సెమెలా. పుట్టింది జొహానెస్‌బర్గ్ పక్కన సోవెటోలో. చిన్నతనం గడిచింది మాత్రం ఈ అమెరికాలో, మా చికాగో వైపు. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష ప్రభుత్వం కూలిపోతున్న రోజుల్లో, 1990ల మొదట్లో, అమెరికన్ యాసతో సహా పుట్టిన దేశానికి తిరిగి వెళ్లాడు. ఆడియో విజువల్, గ్రౌండ్‌వర్క్స్ అనే బృందాల్లో పాడాడు. తర్వాత కేప్‌టౌన్ చేరి పయనీర్ యూనిట్ అనే చిన్న సంస్థతో ఆల్బమ్ చేశాడు. 2018 జూలైలో చనిపోయాడు. పెళ్లి బారాత్‌లో మోగే పాట అతని ఖాతాలో ఒక్కటీ లేదు. హిప్-హాప్ పిచ్చి ఉన్నవాళ్లు మాత్రం ఇప్పటికీ వెతుక్కుని వింటారు.

అతన్ని ఇప్పుడు తలుచుకోవడానికి కారణం మా ఊళ్లో నడుస్తున్న ఒక తగువు. ఇంగ్లీషులో రాప్ చేసే పిల్లవాడికి తెలుగువాళ్ల వేదిక మీద చోటుందా, లేదా? అది తేల్చే ముందు దక్షిణాఫ్రికా దాకా వెళ్లి రావాలి.

హిప్-హాప్ అక్కడికి 1980లలో వీడియో క్యాసెట్ల మీద దిగుమతయింది. ముందు అందుకున్నది కేప్ ఫ్లాట్స్ కుర్రాళ్లు. కేప్‌టౌన్ నడిబొడ్డున డిస్ట్రిక్ట్ సిక్స్ అనే పేట ఉండేది. 1966లో దాన్ని తెల్లవాళ్ల ప్రాంతంగా ప్రకటించి, ఆ తర్వాతి ఏళ్లలో 60,000 మందికి పైగా జనాన్ని ఖాళీ చేయించారు. ఇళ్లు బుల్డోజర్లతో నేలమట్టం చేశారు. ఊరి బయట, గాలికి ఇసుక లేచే మైదానాల్లో వాళ్లను పడేశారు. అవే ఆ ఫ్లాట్స్. అక్కడి పిల్లలకు న్యూయార్క్ బ్రాంక్స్ వీధుల డాన్సు చూడగానే ఎవరూ విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది.

1988లో ప్రాఫెట్స్ ఆఫ్ ద సిటీ బృందం పుట్టింది. రెడీ డి రికార్డులు తిప్పితే షహీన్ అరీఫ్‌దీన్ మాటలు కట్టాడు. 1990లో వాళ్ల మొదటి ఆల్బమ్ వచ్చింది. అందులో కొంత పాడింది ఆఫ్రికాన్స్‌లో. ఆఫ్రికాన్స్ అంటే పోలీసుల భాష, నల్లవాళ్లను అనుమతి పత్రం (పాస్‌బుక్) చూపించమని గద్దించే భాష. 1976లో సోవెటో బడిపిల్లలు రోడ్డెక్కి తూటాలు తిన్నది ఆ భాషలో చదవం అన్నందుకే. ఈ కుర్రాళ్లు అదే భాషకు వంటింట్లో, చేపల రేవులో, సందుల్లో తిరిగే యాస తొడిగారు. 1993లో వచ్చిన ‘ఏజ్ ఆఫ్ ట్రూత్’ ఆల్బమ్ పాటల్ని ప్రభుత్వ రేడియో గాలిలోకి రానివ్వలేదు. మరుసటి ఏడాది మండేలా ప్రమాణ స్వీకారం వేడుకల్లో వాళ్లే పాడారు. గొంతు నొక్కినవాళ్లు దిగిపోవడానికి అంతకన్నా ఎక్కువ కాలం పట్టలేదు.

జొహానెస్‌బర్గ్ దారి వేరు. అక్కడ ఊరంతా క్వైటో అనే డాన్సు సంగీతం మీద ఊగింది. రాప్ చేసేవాళ్లను ‘అమెరికా కాపీగాళ్లు’ అని వెక్కిరించారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. యాస మార్చుకుని, చూడని న్యూయార్క్ గురించి పాడినవాళ్లు అక్కడా ఉన్నారు, మన హైదరాబాద్‌లోనూ ఉన్నారు. జవాబుగా మహికెంగ్ వైపు నుంచి హెచ్‌హెచ్‌పీ లాంటివాళ్లు సెట్స్వానా, ఇంగ్లీషు కలిపి మోత్స్వాకో పద్ధతి తెచ్చారు. గుగులెతు నుంచి డ్రీమన్‌స్కాప్ బృందం ఖోసా భాషలో పాడింది. ఆ రకం రాప్‌ని స్పాజా అంటారు. బస్తీల్లో ఇంటి ముందు గదిలో నడిచే చిల్లర కొట్టు పేరది. ఆ డ్రీమన్‌స్కాప్, మన బెన్ షార్పా ఇద్దరిదీ ఒకే పయనీర్ యూనిట్.

ఇక్కడే నాకు ఆసక్తి. చుట్టూ అందరూ అమ్మభాషలోకి మళ్లుతుంటే ఇతను ఇంగ్లీషు వదల్లేదు. నోట్లో చికాగో యాస. వెనక సంగీతం కూడా ఆఫ్రికా డోలు కాదు, చెవులు గీసుకుపోయే ఎలక్ట్రానిక్ మోత. లెక్క ప్రకారం చూస్తే ‘పరాయివాడు’ ముద్ర పడాల్సిందే. అయినా దక్షిణాఫ్రికా అండర్‌గ్రౌండ్ అతన్ని తనవాడనుకుంది. కారణం వెతకడానికి దూరం పోనక్కర్లేదు. అతని పాటల్లో బాగా తెలిసిన ఒకదాని పేరే ‘హెజెమొనీ’, అంటే పెత్తనం. కొత్త జెండా ఎగిరింది, అందరూ సంబరాల్లో ఉన్నారు. లాఠీ ఇప్పుడు ఎవరి చేతిలో ఉందని ఇతను అడుగుతున్నాడు. అతని తగువు ఆ దేశంతో, ఆ దేశపు అధికారంతో. ఎవరితో గొడవ పడుతున్నాడో అక్కడి వాడే మనిషి.

మన దగ్గర కాళోజీ తన కవిత్వానికంతటికీ ‘నా గొడవ’ అని పేరు పెట్టుకున్నాడు. గద్దర్ గొంగడి, కర్ర, గజ్జెలతో వేదికెక్కి చేసిందేమిటి? తాళం తప్పకుండా మాట మీద మాట వేసి అధికారాన్ని నిలదీయడం. దాన్ని కళ అనడానికి మనకు అడ్డురాని సందేహం రాప్ చేసే పదో తరగతి పిల్లవాడి దగ్గర ఎందుకొస్తుంది?

ఇక మా ఊరు షామ్‌బర్గ్. చికాగోకు వాయవ్యంగా, రైలెక్కితే గంటలోపే వెళ్లే ఊరు. 1971లో వుడ్‌ఫీల్డ్ మాల్, 1970లలోనే మోటరోలా ప్రధాన కార్యాలయం వచ్చాక మొక్కజొన్న చేలు ఆఫీసులయ్యాయి. ఇంజనీర్లొచ్చారు, వెనకే మనమూ వచ్చాం. పోపు వాసన వచ్చే అపార్ట్‌మెంట్లు, వారాంతం కూచిపూడి క్లాసులు, ఉగాదికి అద్దె హాలు. ఇక్కడ రాప్‌కి పనికొచ్చే కష్టమేముందని అడిగే పెద్దమనుషులున్నారు.

ఉగాది కార్యక్రమాల ఎంపిక ఒకరి ఇంటి బేస్‌మెంట్‌లో జరిగింది. సమోసాలు, టీ, గోడకు పెద్ద టీవీ. పదిహేనేళ్ల కుర్రాడొకడు ఫోన్‌లో బీట్ పెట్టుకుని మూడు నిమిషాలు ఇంగ్లీషులో చదివాడు. విషయం వర్క్ వీసా మీద వచ్చినవాళ్ల పిల్లలకిచ్చే హెచ్-4 వీసా. నాలుగేళ్ల వయసులో తల్లిదండ్రుల చెయ్యి పట్టుకుని వచ్చాడు. ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించి గ్రీన్‌కార్డులు ఇవ్వకూడదన్న నిబంధన పుణ్యమా అని భారతీయుల వరుస ఏళ్లకేళ్లు కదలదు. 21 నిండేలోపు నాన్న వంతు రాకపోతే ఆ దరఖాస్తు నీడ పిల్లవాడికి పోతుంది. కాలేజీ మధ్యలో స్టూడెంట్ వీసాకు మారాలి, లేదా తనకు సరిగ్గా గుర్తే లేని దేశానికి వెళ్లాలి. పాటలో ప్రతి నాలుగో లైనుకీ తన వయసు చెప్పుకుంటూ పోయాడు, ఇరవై ఒకటి దాకా. అక్కడ బీట్ ఆపేశాడు.

గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకాయన మెల్లగా, “బాబూ, పండగ పూట వీసా గొడవెందుకమ్మా? ఏదన్నా సినిమా పాట చెయ్యరాదూ?” అన్నారు.

“సినిమా పాటలో నా సంగతి లేదు కదంకుల్.”

“పోనీ ఇదే తెలుగులో రాసుకో. మన భాష మన పిల్లలకు రావాలి.”

“తెలుగులో అమ్మతో మాట్లాడతానంకుల్. కోపం మాత్రం ఇంగ్లీషులోనే వస్తుంది.”

ఈ చివరి మాటకు నవ్వారు గానీ, అక్కడ ఎవరైనా అన్న మాటల్లో బరువైనది అదేనని నా అభిప్రాయం. భాష మీద నాకూ మమకారం ఉంది, లేకపోతే ఈ శీర్షిక తెలుగులో ఎందుకు రాస్తాను? కానీ 1860లో మద్రాసు నుంచి దక్షిణాఫ్రికాలోని నాటల్ చెరకు తోటలకు కూలీలుగా వెళ్లిన మన తెలుగువాళ్ల వారసుల్ని చూడండి. డర్బన్‌లో ఆంధ్ర మహాసభను 1931లోనే పెట్టుకున్నారు. ఇప్పుడు ఇళ్లలో మాట్లాడేది చాలావరకు ఇంగ్లీషే. తెలుగువాళ్లు కాదు పొమ్మందామా? కాలిఫోర్నియాలో తెలుగింట పుట్టి ఇంగ్లీషులో రాప్ చేసే రాజకుమారిని, పేరొచ్చాక, మన అమ్మాయే అని మనమే చెప్పుకుంటున్నాం. పేరు రాకముందు ఆమెకు ఏ ఉగాది కమిటీ స్లాట్ ఇచ్చేదో నాకు అనుమానమే.

నేను వాదించాను. ఓడిపోయాను. ఆ రోజు ఎంపికైన వాటిలో మందు గ్లాసు చూపిస్తూ ఆడే మాస్ పాట ఒకటి ఉంది. దానికి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు, పిల్లలు ముచ్చటగా చేస్తారన్నారు.

పిల్లల చేతికి మైక్ ఇచ్చే పని చికాగో నగరం మనకన్నా తెలివిగా చేసింది. హెరాల్డ్ వాషింగ్టన్ లైబ్రరీలో 2009లో యూమీడియా అని హైస్కూలు పిల్లలకు ఒక గది తెరిచారు. కంప్యూటర్లు, రికార్డింగ్ సరంజామా, ఓపెన్ మైక్. పిల్లలంతా బ్రదర్ మైక్ అని పిలుచుకున్న మైక్ హాకిన్స్ అక్కడ వాళ్లకు గురువు. 2014లో పోయాడు. ఆ మైక్ దగ్గర నిలబడి తడబడిన పిల్లల్లో చాన్స్ ద రాపర్, నోనేమ్ ఉన్నారు. అక్కడ కావలసింది మైక్, కూర్చుని వినే పదిమంది, అడ్డు తగలని ఒక పెద్దమనిషి. ఈ మూడింటిలో మన సంఘాలకు మొదటి రెండూ పుష్కలంగా ఉన్నాయి.

దీపావళి జాబితా ఇప్పుడు తయారవుతోంది. ఆ కుర్రాడికి మూడు నిమిషాలు అడిగాను. రాఫిల్ డ్రా అయ్యాక ఇస్తామన్నారు. ఆ వేళకు హాల్లో కుర్చీలు మడిచే వాలంటీర్లు తప్ప ఎవరూ మిగలరు. భోజనాలకు ముందే కావాలని మళ్లీ రాశాను.

— ప్రవాసి, షామ్‌బర్గ్